నీరసం, ఐబీఎస్ రెండూ ఉన్నవాళ్లకి ప్రోబయాటిక్ మాత్రలు పనికొస్తాయా?

పర్లాకిమిడి_టీచరమ్మ

అందరికీ నమస్కారం. ప్రైమరీ స్కూల్లో టీచర్ని. కిందటేడు డెంగ్యూ వచ్చింది. జ్వరం పోయింది కానీ నేను మాత్రం మళ్లీ మామూలు మనిషిని కాలేదు. ఆదివారం నాలుగు దుప్పట్లు ఉతికి ఆరేశానంటే సోమవారం బాగానే ఉంటాను, మంగళవారం మంచం మీదే. ఒళ్లు నొప్పులు, గొంతు మంట, బోర్డు మీద రాస్తూ రాస్తూ మధ్యలో మాట మర్చిపోవడం. రాత్రంతా పడుకున్నా పడుకున్నట్టే ఉండదు.

దీనికి తోడు కడుపు. రెండు రోజులు బాత్రూముకి పరుగులు, ఆ తర్వాత మూడు రోజులు అసలు కదలదు. ఏం తిన్నా ఉబ్బరం, బొడ్డు కింద మెలిపెట్టే నొప్పి. వెళ్లొస్తే కాస్త తగ్గుతుంది. బరంపురంలో స్పెషలిస్టుకు చూపించుకున్నాను. ఎండోస్కోపీ, స్కానింగ్ నార్మల్ అన్నారు. చీటీ మీద ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా పేగులు సరిగ్గా నడవకపోవడం) అని రాసి, దాని కింద క్రానిక్ ఫెటీగ్ (విడవని నీరసపు జబ్బు) అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ ప్రశ్నార్థకానికి జవాబుగా ఒక మందులకొట్టులో ప్రోబయాటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా) క్యాప్సూల్స్, గ్లూటమైన్ పొడి, కోఎంజైమ్ క్యూ10, మల్టీవిటమిన్ అన్నీ కలిపి ఇచ్చారు. నెలకి మూడు వేలు దాటుతోంది. "నీ పేగులకి వేరే రేషన్ కార్డు తీయించాలి" అంటున్నారు మా ఆయన. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఫోన్ తెరిస్తే మలం పంపితే పేగుల్లో బ్యాక్టీరియా లెక్క చెప్తామని ప్రకటనలు. అదైనా చేయించనా?

బడాబజార్_బాబాయ్

అమ్మా, ఇదంతా టెన్షన్. ఈ మాత్రలన్నీ అవతల పారేసి పొద్దున్నే తరవాణి (పులిసిన గంజినీళ్లు) తాగు, గంటసేపు నడు. నెల తిరిగేసరికి గుర్రంలా ఉంటావు. మా అమ్మ తొంభై ఏళ్లు బతికింది, ఏ క్యాప్సూల్ మొహమూ చూడలేదు.

కొండమీద_క్వార్టర్స్

బాబాయ్ గారూ, తరవాణి సంగతి తర్వాత. నడక దగ్గర మాత్రం అడ్డుపడాలి. నేను దామన్‌జోడిలో ఉంటాను, నాకూ ఇదే క్రానిక్ ఫెటీగ్ జబ్బు. టీచరమ్మగారు చెప్పిన "ఆదివారం పని, మంగళవారం మంచం", దీనికి అసలు గుర్తు అదే. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వాళ్లు ఈ జబ్బుకి పెట్టిన ప్రమాణాల్లో మూడు తప్పనిసరి. ఆరు నెలలకి మించి పని చేసే శక్తి బాగా పడిపోవడం, శ్రమ తర్వాత జబ్బు ముదరడం, నిద్రపోయినా అలసట తీరకపోవడం. వీటికి తోడు మతిమరుపు, ఆలోచన మందగించడం లాంటివో, నిలబడితే తల తిరగడమో ఒకటి ఉండాలి.

ఇంతకుముందు డాక్టర్లు కూడా రోజుకి కాస్త కాస్త పెంచుతూ వ్యాయామం చెయ్యమనేవారు. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2021లో ఆ సలహా తీసేసింది. నన్ను ఒకాయన అలాగే నడిపించాడు. పొద్దున్న పార్కులో నడక, సాయంత్రం మేడ మెట్లు. ఆఖరికి లీవు పెట్టి పడుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు బట్టలు ఉతకడమే రెండు విడతలు. బకెట్ సగమే నింపుతాను, మధ్యలో అరగంట పడుకుంటాను. చూసేవాళ్లకి బద్ధకం.

బడాబజార్_బాబాయ్

అలాగైతే నడక మాట వెనక్కి తీసుకున్నాను. తరవాణి మాట తీసుకోను.

భంజవిహార్_మైక్రో

నేను మైక్రోబయాలజీ చదివాను, డాక్టర్ని కాదు. బ్యాక్టీరియా సంగతి ఒక్కటే చెప్తాను.

టీచరమ్మక్కా, ఈ జబ్బు ఉన్నవాళ్ల పేగుల్లో తేడా ఉందన్నది నిజమే. 2023 ఫిబ్రవరిలో ఒకే పత్రికలో రెండు పరిశోధనలు వచ్చాయి. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 106 మంది రోగుల్ని 91 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు. రోగుల్లో బ్యూటిరేట్ తయారు చేసే బ్యాక్టీరియా తగ్గి ఉంది. ముఖ్యంగా ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అనేది. అది ఎంత తక్కువుంటే అలసట అంత ఎక్కువ కనబడింది. బ్యూటిరేట్ అంటే మనం తిన్న పీచుని ఈ సూక్ష్మజీవులు పులియబెట్టి చేసే చిన్న కొవ్వు ఆమ్లం. పెద్దపేగు గోడలోని కణాలకి ముఖ్యమైన ఆహారం అదే.

రెండోది జాక్సన్ ల్యాబొరేటరీ వాళ్లది. జబ్బు వచ్చి నాలుగేళ్లు దాటనివాళ్లలో పేగుల తేడా ఎక్కువ. పదేళ్లు దాటినవాళ్లలో బ్యాక్టీరియా దాదాపు మామూలుకి దగ్గరగా వచ్చింది, అయినా వాళ్ల రక్తంలో జీవక్రియల లెక్కలు ఇంకా పాడయ్యే ఉన్నాయి. అంటే బ్యాక్టీరియా సర్దుకున్నా మనిషి సర్దుకోలేదన్నమాట. నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసిన ముక్క ఇదే.

ఇంకొక మెలిక. అదే కొలంబియా వాళ్లు 2017లో 50 మంది రోగుల్ని చూసినప్పుడు, ఐబీఎస్ కూడా ఉన్నవాళ్ల బ్యాక్టీరియా ఒక రకంగా, లేనివాళ్లది ఇంకో రకంగా ఉంది. కాబట్టి నీరసం తేడా ఎంత, కడుపు తేడా ఎంత అని విడదీయడం తేలిక కాదు. తేడా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బుతో తిండీ కదలికా మారి తేడా వచ్చిందా అన్నదీ తేలలేదు.

ఇప్పుడు అసలు విషయం. తగ్గిందంటున్న ఆ ఫీకాలిబ్యాక్టీరియం గాలి తగిలితే చస్తుంది. ఆక్సిజన్ పడదు. అందుకే మీకిచ్చిన క్యాప్సూల్లో అది లేదు, ఉండదు. అందులో ఉన్నది లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం. పెంచడం తేలిక, ఎండబెట్టినా బతుకుతాయి, డబ్బాలో పెట్టొచ్చు. మీ ఒంట్లో తక్కువైంది ఒకటి, డబ్బాలో వచ్చేది ఇంకొకటి.

పర్లాకిమిడి_టీచరమ్మ

> మీ ఒంట్లో తక్కువైంది ఒకటి, డబ్బాలో వచ్చేది ఇంకొకటి.

ఈ మాట ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు! మరి నీరసానికి ఎవరి మీదా పరీక్షించి చూడలేదా?

భంజవిహార్_మైక్రో

చూశారక్కా, కానీ చాలా తక్కువ. కెనడాలో 2009లో 39 మందికి రెండు నెలలు లాక్టోబాసిల్లస్ కేసై షిరోటా ఇచ్చారు, మన దగ్గర యాకుల్ట్ సీసాల్లో వచ్చేదే. ఆందోళన లక్షణాలు తగ్గాయి. డిప్రెషన్ స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత చిన్న పరీక్షని పట్టుకుని నీరసానికి మందు అనలేం.

మలం టెస్టు చేయించకండి. ఒకే మనిషి శాంపిల్ రెండు కంపెనీలకి పంపితే రెండు రకాల రిపోర్టులు రావచ్చు. ఏ అంకె వస్తే ఏ మందు అన్న లెక్క డాక్టర్ల దగ్గరా లేదు. ఆ డబ్బులు పెట్టి నెలంతా మంచి కూరగాయలు కొనుక్కోవచ్చు.

రాయగడ_మందులకొట్టు

నేను అమ్మేవాణ్ణే, అందుకే నా మాట కాస్త నమ్మొచ్చేమో. ప్రోబయాటిక్ అడిగేవాళ్లు డబ్బా మీద బ్యాక్టీరియా ఎన్ని కోట్లో చూసి కొంటారు. "అందులో ఐదు వందల కోట్లుంది, ఇందులో రెండు వందల కోట్లేనా" అని. సంఖ్య కాదు, జాతి పేరు పక్కన స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ రకమో చెప్పే) గుర్తు ఉందా చూడాలి. ఉత్త "లాక్టోబాసిల్లస్" అని రాసుంటే ఇంటిపేరు మాత్రమే చెప్పినట్టు. ఇంకోటి, ఫ్రిజ్‌లో ఉంచాలని డబ్బా మీద ఉంటుంది. వేసవిలో మా వీధిలో కరెంటు పోయి ఎంతసేపటికి వస్తుందో మజ్జిగౌరి అమ్మవారికే ఎరుక. మీ చేతికొచ్చేసరికి అందులో బతికున్నవి ఎన్నో నేను చెప్పలేను.

చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసీకి ఆ బాధ లేదు, అది స్పోర్ (గట్టి పెంకులో నిద్రపోతున్న విత్తనం లాంటి) రూపంలో ఉంటుంది. అయితే దాని వాడకం ఎక్కువగా పిల్లల విరేచనాలకి. శాకరోమైసిస్ బౌలార్డీ అయితే ఈస్టు, యాంటీబయాటిక్ వాడినప్పుడొచ్చే విరేచనాలకి రాస్తారు. నీరసానికి ఈ రెండూ రాసిన డాక్టరు ఒక్కరూ నాకు తగల్లేదు.

ఐబీఎస్ వరకూ అయితే ప్రోబయాటిక్ మీద పెద్ద వైద్య సంఘాలే ఒక మాట మీద లేవు. అమెరికా వాళ్లు 2020, 2021లో మామూలుగా వాడొద్దన్నారు. బ్రిటన్ వాళ్లు 2021లో కావాలంటే 12 వారాలు వాడి చూడండి, తేడా లేకపోతే ఆపేయండి అన్నారు. నా మాట కూడా అదే. ఒకటే మొదలుపెట్టండి. నాలుగూ కలిపి వేసుకుంటే బాగైతే దేనివల్లో తెలీదు, పాడైనా దేనివల్లో తెలీదు.

ఒక ప్రశ్న. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా?

పర్లాకిమిడి_టీచరమ్మ

అవునండీ, పాంటాప్రజోల్. మూడేళ్లుగా. అది మందుల్లో లెక్కే వెయ్యలేదు నేను.

రాయగడ_మందులకొట్టు

ఎవరూ వెయ్యరమ్మా. మా కొట్టులో బిస్కట్ ప్యాకెట్ కంటే ఎక్కువ పోతుంది. ఏళ్లతరబడి వాడితే పేగుల్లో బ్యాక్టీరియా మారుతుంది, బీ12, ఇనుము ఒంటబట్టడం తగ్గొచ్చు. ఒక చేత్తో అది వేసుకుంటూ ఇంకో చేత్తో ప్రోబయాటిక్ వేసుకోవడం ఏటో నాకర్థం కాదు. కానీ రేపే టక్కున ఆపెయ్యకండి, ఆమ్లం ఒక్కసారి ఎగదన్ని మంట మొదలవుతుంది. అసలు అవసరమా, ఎలా తగ్గించుకోవాలి అని డాక్టర్ని అడగండి.

కోరాపుట్_ల్యాబ్

ల్యాబ్ టెక్నీషియన్ని. "అన్నీ నార్మల్" అన్న మాట విన్నప్పుడల్లా ఆ అన్నీ ఏవో చూపించమంటాను. ఎండోస్కోపీ చేశారు సరే. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చేశారా? బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగరు, ఒంట్లో వాపు చెప్పే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ? గోధుమ పడని సీలియాక్ జబ్బుకి టీటీజీ? మలంలో కాల్‌ప్రొటెక్టిన్? ఆఖరిది పేగుల్లో వాపు ఉందా లేదా చెప్తుంది, ఉంటే అది ఐబీఎస్ కాకపోవచ్చు.

మన కొండ జిల్లాల్లో ఇంకో రెండు చూడాలి. ఒకటి కొంకిపురుగు, పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి. మలపరీక్షలో గుడ్లు కనిపిస్తాయి. మా దగ్గరికి ఏళ్లతరబడి బలం టానిక్కులు తాగి వచ్చినవాళ్లకి ఒక్క ఆల్బెండజోల్ (పురుగుల మాత్ర) చాలిన సందర్భాలున్నాయి. రెండోది సికిల్ సెల్, వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద ఇక్కడ పీహెచ్‌సీల్లో ఉచితంగా చూస్తున్నారు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, విడవని జ్వరం, యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ, వీటిలో ఏది ఉన్నా ఇక్కడ మాట్లాడుకోవడం ఆపి ముందు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

సహజ_ఆరోగ్యం_99

సోదరీ, మా డిటాక్స్ పౌడర్ వాడండి. 21 రోజుల్లో పేగులు శుభ్రం, వెయ్యి మంది బాగయ్యారు. ఇన్‌బాక్స్‌కి రండి.

కోరాపుట్_ల్యాబ్

ఆ వెయ్యి మంది ఫెరిటిన్ రిపోర్టులు ఇక్కడ పెట్టండి, అప్పుడు వస్తాం.

బడాబజార్_బాబాయ్

నా తరవాణి ఎవరికీ పట్టలేదు. మా ఇంట్లో పొయ్యి పక్కన మట్టికుండ ఉండేది, 1936లో మనల్ని ఒడిశాలో కలపకముందు నుంచీ ఉందని మా నాయనమ్మ చెప్పేది. గంజి, బియ్యం కడుగు అందులో పోస్తారు, మర్నాటికి సన్నగా బుడగలు లేస్తాయి. చద్దన్నంలో ఆ పుల్లనీళ్లు పోసి, ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. కుండ ఖాళీ చేసేవారు కాదు, అడుగున కొంచెం ఉంచి మళ్లీ పోసేవారు. ఒడియా వాళ్ల పఖాళ కూడా అదే దారి. మార్చి 20న దానికి ఒక రోజే పెట్టుకున్నారు. ఇందులో బ్యాక్టీరియా లేదా అమ్మాయీ?

భంజవిహార్_మైక్రో

బోలెడుంది బాబాయ్, పైగా బతికున్నది. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కూడా పఖాళ నీళ్ల మీద పని చేశారు. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడుండే బ్యూటిరేట్ బ్యాక్టీరియాకి అది మేత. అంటే డబ్బాలో దొరకని జీవిని బయటినుంచి తేలేం, ఉన్నదానికి మేత వెయ్యగలం. కాబట్టి కొట్టిపారెయ్యను. కానీ తరవాణి తాగితే ఈ జబ్బు నీరసం తగ్గిందని ఎవరూ పరీక్ష చేసి చూపలేదు.

ఐబీఎస్‌లో ఇదే తంటా. పీచు వేస్తే మంచి బ్యాక్టీరియా తింటుంది, తిని గ్యాసూ వదులుతుంది. అక్క కడుపు అప్పటికే డప్పులా ఉంది. అందుకని ఇసబ్‌గోల్‌తో మొదలెట్టమంటారు, అది మెల్లగా పులుస్తుంది. రోజుకి 3-4 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, గ్లాసు నిండా నీళ్లతో. వారం తర్వాత కొంచెం పెంచొచ్చు. గోధుమ తవుడు మాత్రం వద్దు, దానితో చాలామందికి ఉబ్బరం పెరుగుతుంది. బాబాయ్ చెప్పినదాంట్లో ఉల్లిపాయ మానేసి తాగి చూడక్కా.

సిరోంచ_గోదారి

మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. ఉల్లిపాయ మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. మా ఇంటామెకు ఐబీఎస్. నాగపూర్‌లో డైటీషియన్ లో ఫాడ్‌మ్యాప్ తిండి (పేగుల్లో పులిసి గ్యాస్ చేసేవి తగ్గించే తిండి) రాసిచ్చింది. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు కనిపెట్టిన పద్ధతి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా, పాలు, మామిడిపండు కొన్ని వారాలు బంద్. తర్వాత ఒక్కొక్కటి తిరిగి తినుకుంటూ ఏది పడట్లేదో పట్టుకోవాలి.

ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండా మన కూర ఎట్ల? ఒక కిటుకు చెప్పిందామె. వెల్లుల్లిలో కడుపుని బాధపెట్టే పదార్థం నీళ్లలో కరుగుతది, నూనెలో కరగదు. నూనెలో రెబ్బలు ఎర్రగా వేయించి, రెబ్బలు తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెట్టాలె. వాసన ఉంటది, బాధ ఉండదు. పప్పులో ఇంగువ. జొన్నరొట్టెతో ఆమెకు ఏ ఇబ్బందీ రాలే. కానీ ఏళ్లకేళ్లు ఇదే తింటే మంచి బ్యాక్టీరియా కూడా మాడుతదట. ఆమెకు ఉబ్బరం మస్తు తగ్గింది. నీరసం ఆమెకు లేదు, కాబట్టి దాని గురించి చెప్పలేను.

కొండమీద_క్వార్టర్స్

ప్రోబయాటిక్‌తో నష్టమేముందిలే అనుకునేవాళ్ల కోసం ఒకటి. నేను అవి వేసుకుంటున్నప్పుడు తిన్న అరగంటకి తలలో మంచు కమ్మినట్టుండేది. షిఫ్టు రిజిస్టరులో సంతకం పెట్టాల్సిన చోట తేదీ రాశాను. తర్వాత చదివితే, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో డాక్టర్లు 2018లో ఇదే రాశారు. తల మొద్దుబారడం, ఉబ్బరం ఉన్న కొందరిలో చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగి డి-లాక్టిక్ ఆమ్లం చేస్తోందని, వాళ్లలో చాలామంది ప్రోబయాటిక్ వాడుతున్నవాళ్లేనని. ప్రోబయాటిక్ ఆపించి యాంటీబయాటిక్ ఇస్తే ఎక్కువమందికి తగ్గింది. చిన్న పరిశోధనే, అందరికీ అలా అవుతుందని కాదు. నాకు మాత్రం ఆపాక తల తేలికపడింది. నీరసం అలాగే ఉంది.

క్యూ10 నేనూ వాడాను. జేబు తేలికపడింది.

పర్లాకిమిడి_టీచరమ్మ

కోరాపుట్ తమ్ముడు చెప్పిన టెస్టులు చేయించాను. థైరాయిడ్, షుగరు, టీటీజీ బాగానే ఉన్నాయి. కాల్‌ప్రొటెక్టిన్ తక్కువే. బీ12 అంచుమీద ఉంది. ఫెరిటిన్ 11! హిమోగ్లోబిన్ 12.1 ఉండటంతో ఇన్నాళ్లూ ఎవరూ ఇనుము వైపు చూడలేదు. డాక్టరుగారు ఐరన్ మాత్రలు, బీ12 రాశారు, పాంటాప్రజోల్ తగ్గించే పద్ధతి చెప్పారు. చీటీ మీద ప్రశ్నార్థకం అలాగే ఉంచారు, ఇనుము నిండాక మళ్లీ చూద్దామన్నారు. గ్లూటమైన్, క్యూ10 మానేశాను. ఇసబ్‌గోల్ మొదలెట్టాను. ఇదంతా ఇనుము వల్లేనంటారా?

కోరాపుట్_ల్యాబ్

అంతా అదే అనుకోకండక్కా. హిమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ 50 లోపున్న నీరసపు ఆడవాళ్ల మీద 2012లో కెనడా వైద్య పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. 12 వారాలు ఐరన్ వేసుకున్నవాళ్లకి అలసట స్కోరు దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ 29 శాతం తగ్గింది! ఇనుము నిజంగానే పనిచేసింది, కానీ ఏదో ఒకటి వేసుకుంటున్నామన్న ధైర్యమూ తక్కువ పని చెయ్యలేదు. క్యాప్సూల్ కంపెనీల వెయ్యి మంది కథలు వినేటప్పుడు ఆ 29 గుర్తుంచుకోవాలి.

మీకు పని చేసిన రెండో రోజు పడిపోవడం ఉందే, అది ఉత్త ఇనుము తక్కువైతే వచ్చే లక్షణం కాదు. ఫెరిటిన్ పెరిగాక అదీ పోతే సంతోషమే. పోకపోతే కొండమీద అన్నయ్య చెప్పిన సగం బకెట్ పద్ధతి ఎలాగూ ఉంది, ఇప్పట్నుంచే మొదలెట్టండి.

పర్లాకిమిడి_టీచరమ్మ

సగం బకెట్ మొదలైంది. మిగతా సగం మా ఆయన ఉతుకుతున్నారు. ఐరన్ వేసుకుంటే మాత్రం మలబద్ధకం ఎక్కువైంది, నల్లగా వస్తోంది. భయపడాలా?

రాయగడ_మందులకొట్టు

ఐరన్ వేసుకుంటే నలుపు మామూలే అమ్మా. జిగురుగా, తారులా, దుర్వాసనతో వస్తే మాత్రం వెంటనే చూపించుకోవాలి. రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరుగార్ని అడగండి. ఇనుము తక్కువున్న ఆడవాళ్లలో అలా వేసుకుంటే మోతాదుకి ఒంటబట్టే పాళ్లు ఎక్కువని తేలింది, కడుపుకీ సులువు. టీ, కాఫీలతో కలిపి వద్దు. నిమ్మరసంతో అయితే మంచిదే.

పర్లాకిమిడి_టీచరమ్మ

ఇసబ్‌గోల్, ఐరన్ రాత్రి ఒకేసారి వేసుకోవచ్చా? మర్చిపోకుండా ఉంటుందని.

రాయగడ_మందులకొట్టు

వద్దు. ఇసబ్‌గోల్ జిగురులో మాత్ర ఇరుక్కుంటే ఒంటబట్టేది తగ్గుతుంది. రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ స్కూలుకి బయల్దేరేముందు, ఇసబ్‌గోల్ రాత్రి భోజనం అయ్యాక.